తిప్పన్న వాళ్ళమ్మ

పొద్దున లేస్తూనే ఈరమ్మ ఎవరితోనూ మాట కలిపేది కాదు. మంచం మీదే మెల్లగా లేచి కూర్చుని, కొంగు తలమీదికి లాక్కుని, పొద్దు పొడిచే దిక్కుకు తిరిగి రెండు చేతులూ జోడించేది. ఆ తర్వాత తన వాళ్ళ పేర్లు ఒక్కొక్కటే దేవుడికి అప్పజెప్పేది. "ఈరన్నసామీ, మా తిప్పన్నను సల్లగ సూడు. మా కోడల్ని సల్లగ సూడు. మా మనవరాలు పావనికి సదువు నోటికి రానీ." చివర్లో గంగి అనే బర్రెగొడ్డు పేరు కూడా వచ్చేది. దాన్ని కోసిగి సంతలో అమ్మేసి చానా కాలమైంది. అయినా యాడో ఒకచోట మేత మేస్తానే ఉంటుంది కదా, దాన్నెందుకు ఇడిసిపెట్టాల అనేది. పేర్లన్నీ అయినాకనే గుక్కెడు నీళ్ళు తాగేది.

ఆదోని దాటి ఎమ్మిగనూరు దారిలో ఉండే ముసలోళ్ళ ఆశ్రమానికి వచ్చినాక కూడా ఆ అలవాటు తప్పలేదు. పక్క మంచం జొహరాబీ అదే వేళకు లేచి, మోకాళ్ళు వంగవు కాబట్టి మంచం మీదే కూర్చుని నమాజు చేసుకునేది. ఆమెది ఎమ్మిగనూరు. మొగుడు ఉస్మాన్ సాబ్ పరుపులు కుట్టేవాడు. ఆయన పోయినాక, పిల్లలు లేరు కాబట్టి, నా అనే మనిషి ఒక్కరూ మిగల్లేదు.

"మీ దేవుని కాడ లైను తక్కువున్నెట్లుందక్కా, నాకంటే ముందే అయిపోతుంది నీకు" అనేది జొహరాబీ.

"నేను అడిగేది తక్కువలే చెల్లీ. బతికుంటే సాలంటాను, అంతే."

కోసిగి పక్క పల్లెల్లో వానల పంట ఇంటికొచ్చినా రాకపోయినా, చలికాలం మొదలయ్యేసరికి వాకిళ్ళకు తాళాలు పడతాయి. పిల్లల్నీ, తపేలాల్నీ, చాపల్నీ లారీలకెక్కించి గుంటూరు దిక్కుకు పత్తి ఏరడానికీ మిరపకాయలు కోయడానికీ పోతారు. దాన్నే సుగ్గికి పోవడమంటారు. ఈరమ్మ పెళ్ళయిన ఏడే సుగ్గికి పోయింది. ఆ తర్వాత ఏ ఏడూ మానలేదు. మొగుడు జ్వరమొచ్చి ఆ మిరప చేల గట్టునే కన్నుమూస్తే, ఊరికి తిరిగొచ్చే లారీలోనే టార్పాలిన్ కప్పి తెచ్చుకునింది. దారి పొడుగునా ఆయన తల ఒళ్ళో పెట్టుకుని, గుంతలొచ్చినప్పుడల్లా కుదుపు తగలకుండా చేతులు అడ్డం పెట్టింది. "పోయిన మనిషికి నొప్పేముందిలే" అని ఎవరో అంటే, "నొప్పి లేకపోతే మర్యాద కూడా ఉండదా అప్పా?" అనింది.

పోయిన ఏడు కల్లంలో ఎండుకాయల మీద కాలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. పెద్దాసుపత్రిలో కట్టు కట్టినారు గానీ ఎముక సరిగా కూర్చోలేదు. ఒకరు రెక్క పట్టుకుంటే తప్ప అడుగు పడదు. ఈ ఏడు మళ్ళీ సుగ్గి లారీ వచ్చి ఊరి ముందర నిలబడింది. చేల గట్టు మీద ప్లాస్టిక్ పట్టాల గుడిసెలో తుంటి విరిగిన మనిషిని ఎట్లా పెట్టుకోవాల? ఊళ్ళో వదిలిపోదామంటే చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా అదే లారీలో ఉన్నారు. తిప్పన్న వాళ్ళనూ వీళ్ళనూ అడిగి, ఈ ఆశ్రమంలో ఊరికే చూసుకుంటారని తెలుసుకుని, తల్లిని ఆటోలో తెచ్చినాడు.

గేటు కాడ మేనేజరు సుధాకర్‌తో వాడు చానాసేపు మాట్లాడినాడు. ఈరమ్మ లోపల బెంచీ మీద కూర్చునుంది. మాటలు వినపడలేదు. కొడుకు తల వంచుకోవడం మాత్రం కనపడింది. తర్వాత వాడొచ్చి ఆమె పాదాలు ముట్టుకున్నాడు. పండగ పూట కూడా కాళ్ళకు మొక్కే మనిషి కాదు. "ఉగాదికల్లా వచ్చి తీస్కపోతానుమా. వీళ్ళు సెప్పినట్ల వినుకోని ఉండు" అని, వెనక్కి చూడకుండా పోయినాడు. లారీ తప్పిపోతుందని తొందర కాబోలు అనుకునింది ఆమె.

బయటి నుంచి చూస్తే ఆశ్రమం ముచ్చటగా ఉంటుంది. ముందర సున్నం, గుమ్మం పైన దేవుళ్ళ పటాలు, గడపకు పసుపు. బెంచీల మీద దాతల పేర్లు, గడియారం మీద దాతల పేర్లు, ఆఖరికి ఫ్యాను రెక్కల మీద కూడా దాతల పేర్లే. ఫ్యాను తిరిగినప్పుడు పేర్లు కనపడవని, ఎవరైనా వస్తే దాన్ని ఆపి చూపించేవాళ్ళు. మంచాల మీద పడుకునే వాళ్ళ పేర్లు మాత్రం యాడా రాసుండవు. "మూల మంచం", "కిటికీ మంచం" అని పిలిచేవాళ్ళు.

ఆడవాళ్ళందరికీ కలిపి మహాదేవి ఒక్కతే ఆయా. చెడ్డది కాదు, అలిసిపోయిన మనిషి. పెరట్లో బోరు దగ్గర బండ మీద ముసలమ్మలను వరసగా కూర్చోబెట్టి, చీరలు తీసి, పైపుతో నీళ్ళు కొట్టేది. ఆ పక్కనే వంటింటికి దారి. వంటవాళ్ళూ, కూరగాయల ఆటోవాడూ, నీళ్ళ ట్యాంకరువాడూ ఆ దారినే పోతారు. ఒక తడికె అడ్డం పెట్టించమని మహాదేవి అడిగితే సుధాకర్, "ఈ వయసులో సిగ్గేందమ్మా, ఎవరు చూస్తారు వీళ్ళని" అని నవ్వినాడు.

మొదటి రోజు బండ మీద ఈరమ్మ మోకాళ్ళలో తల పెట్టుకుని వణికింది. నీళ్ళ చలికి కాదు. మరుసటి రోజు నుంచి జొహరాబీ తన దుప్పటి తెచ్చి, ఒక కొస కిటికీ కమ్మీకి కట్టి, ఇంకో కొస తన చేత్తో ఎత్తి పట్టుకునేది. చెయ్యి పీకుతున్నా దించేది కాదు. మొహం అటు తిప్పుకుని, "పోసుకో అక్కా, నేను కాకుల్ని లెక్కపెడతాంటా" అనేది. పొయ్యి మీద వేన్నీళ్ళు మిగిలుంటే మహాదేవి ఒక చెంబు తెచ్చి ఈరమ్మ తుంటి మీద పోసి, "సారుతో అనొద్దవ్వా" అనేది. ఎంత ఇరుకులోనైనా దేవుడు మనిషి చేతిలో ఇంత వేడి పెడతానే ఉంటాడు.

దాతలు వచ్చే రోజు పొద్దున రోజూ పెట్టే బొరుగుల ఉగ్గాని ఉండదు. వాళ్ళు పెట్టే భోజనం ఆకలిగా తింటే చూడటానికి బాగుంటుందని సుధాకర్ లెక్క. పొద్దెక్కి ఎండ గడప దాటినా విస్తళ్ళ ముందర కూర్చుని ఎదురు చూడాల. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు కళ్ళు తిరిగేవి. వచ్చినాక ఫోను పట్టుకున్న మనిషి వరసగా ఒక్కొక్కరి ముందుకీ వస్తాడు. "మాకెవరూ లేరు, మీరే మా బిడ్డలు" అని చేతులు జోడించి చెప్పాల. జొహరాబీ విషయంలో అది నిజం. అందుకే ఆమె ఆ మాట చెప్పినప్పుడల్లా గొంతు పూడుకుపోయేది. దాతలకు అది బాగా నచ్చేది. ఇంకోసారి చెప్పించేవాళ్ళు.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఇంటి ఇల్లాలు ఉమాదేవి, మామగారి తిథి అని పూర్ణం పెట్టిన ఓళిగలూ నెయ్యీ తీసుకుని వచ్చింది. నెమ్మదైన మనిషి. పెద్దవాళ్ళు కనపడితే చెప్పులు విడిచి పలకరించే అలవాటు. వాళ్ళ బంధువొకాయన ఫోను పట్టుకుని వరసగా వచ్చి ఈరమ్మ ముందర ఆగినాడు.

ఈరమ్మ చేతులు జోడించింది.

"చెప్పవ్వా" అన్నాడు సుధాకర్ పక్కనుంచి.

"నీ ఇల్లు సల్లగుండాల తల్లీ. మీ మామ పుణ్యలోకంలో ఉండాల" అనింది ఈరమ్మ ఉమాదేవిని చూసి.

"అది కాదు. నీకెవరున్నారో చెప్పు అమ్మగారికి."

"నాకు కొడుకుండాడమ్మా. తిప్పన్న. సుగ్గికి పోయినాడు. ఉగాదికి వస్తాడు."

ఫోను పట్టుకున్నాయన చెయ్యి దించినాడు. ఉమాదేవి సుధాకర్ దిక్కు చూసింది. వాడు తలకు వేలు తిప్పి, "పాపం, మతి సరిగా ఉండదు మేడం. లేని కొడుకును పిలుచుకుంటుంది" అన్నాడు. ఉమాదేవి కళ్ళు తుడుచుకుని ఇంకో ఓళిగ వడ్డించింది. ఈరమ్మ దాన్ని ముట్టుకోలేదు.

సాయంత్రం సుధాకర్ ఆమె మంచం దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అరవలేదు. వాడి మాట ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది.

"ఇది ఎవరూ లేనోళ్ళ ఆశ్రమం. కొడుకులున్నోళ్ళని తెలిస్తే ఎవరు పెడతారు? నీ ఒక్క నోటితో ఇంతమంది కూడు చెడగొడతావా?"

"ఏమైనా సెప్పించుకో నాయనా. పాట పాడమను, పాడతా. బతికుండే బిడ్డను లేడని అనలేను. మీద తథాస్తు దేవతలు తిరుగుతాంటారు."

సుధాకర్ నవ్వినాడు. "నువ్వనలేవు. నీ కొడుకు అన్నాడు కదా! గేటు కాడ నా ఎదుట నిలబడి ఏమన్నాడో తెలుసా? 'ఈ ముసలామె ఎవరో నాకు తెలీదు సార్, బస్టాండులో పడుంటే తెచ్చినా' అన్నాడు. అట్లయితేనే చేర్చుకుంటామని చెప్పినా, రెండో మాట లేకుండా అన్నాడు. వాడికి లేని బాధ నీకెందుకు?"

వాడు పోయినాక జొహరాబీ వచ్చి పక్కన కూర్చుంటే, ఈరమ్మ నోరు విప్పింది.

తిప్పన్నకు ముందు ఆమెకు ఇద్దరు మగబిడ్డలు పుట్టి పురిట్లోనే పోయినారు. మూడోవాడు పుట్టినప్పుడు ఊళ్ళో పెద్దాడోళ్ళు చెప్పినట్టు, పచ్చి బాలింత బిడ్డను చేటలో పెట్టుకుని పోయి పెంటతిప్ప మీద వదిలింది. "ఇది నా బిడ్డ కాదు, నాకెవరూ లేరు" అని గట్టిగా, నాలుగు దిక్కులా వినపడేటట్టు అనాల. తల్లి వద్దనుకున్న బిడ్డ జోలికి సావు రాదని నమ్మకం. అనింది. పక్కింటామె పోయి బిడ్డను ఎత్తుకుని, "తిప్ప మీద ఎవరి బిడ్డో దొరికింది" అంటూ తెచ్చి, గుప్పెడు తౌడు వెల కింద తీసుకుని ఆమెకే ఇచ్చింది. బిడ్డ దక్కినాడు. తిప్పన్న అయినాడు. కానీ ఆ మాట నోటి నుంచి వచ్చిన క్షణం ఆమె గుండెలో ముల్లు మాదిరి ఉండిపోయింది. ఇంకెన్నడూ ఆ మాట తన నోట రానియ్యొద్దని ఉరుకుంద గుడిలో ఈరన్నసామి ముందర లెంపలేసుకుని వచ్చింది.

"వాడూ అదే సేసినాడు చెల్లీ" అనింది ఈరమ్మ. "నన్ను తెచ్చి ఈడ పెట్టి, మాయమ్మ కాదన్నాడు. నేను బతకాలనే కదా! వాని కడుపు ఎంత కాలిందో ఆ పొద్దు."

"మరి నీకు బాధ లేదా అక్కా?"

"ఉంది. అది నాకూ వానికీ మధ్యలో ఉండే బాధ. ఆ సుధాకర్‌కు ఏం పని దాంతో?"

మరుసటి వారం ఇంకో దాత వచ్చినప్పుడు కూడా ఈరమ్మ, "నా కొడుకు తిప్పన్న" అనే చెప్పింది. ఆ రోజు నుంచి ఆమెకు "పిచ్చామె" అనే పేరు పడింది. పేరు పడినాక అన్నీ సులువుగా జరిగిపోయినాయి. మంచం మరుగుదొడ్డి గోడకు మార్చినారు. మజ్జిగలో ఏదో మాత్ర నలిపి పోసినారు. తాగితే పగలంతా మగత. లేచి పడిపోతుందని చెప్పి చేతులు మంచం పట్టెలకు చీర పీలికలతో కట్టినారు. కట్టేటప్పుడు మహాదేవి, "నా ఉద్యోగం పోతుందవ్వా, నన్ను తిట్టుకోవద్దు" అని, పీలిక కింద మెత్తగా ఉండాలని తన రుమాలు మడిచి పెట్టింది. తిప్పన్న ఫోను చేస్తే సుధాకరే ఎత్తి, "బాగుంది, నిద్రపోతాంది" అని పెట్టేసేవాడు. నిద్రపోతున్న మాట నిజమే.

మంచంలోనే తడి అయ్యేది. ఎప్పుడో మార్చేవాళ్ళు. వీపు మీద పుండు లేచింది. బయటివాళ్ళెవరైనా వస్తే ఆమె ముందర పాత చీర అడ్డం కట్టేవాళ్ళు. స్నానం చేసేటప్పుడు కట్టని అడ్డం అప్పుడు కట్టేవాళ్ళు.

ఒక పొద్దున మగతలోనే ఈరమ్మ కళ్ళు తెరిచింది. చేతులు జోడించబోతే రాలేదు. పెదాలు కదిలించింది. "తిప్పన్నను సల్లగ సూడు... కోడల్ని సల్లగ సూడు..." తర్వాత ఆగిపోయింది. మనవరాలి పేరు నోటికి రాలేదు. ఎంత తడుముకున్నా రాలేదు. జడలు గుర్తొచ్చినాయి, ఊడిన ముందు పన్ను గుర్తొచ్చింది, పేరు మాత్రం యాడికో పోయింది. ఆ ముసలామె నోరు తెరిచి ఏడ్చింది. కట్టేసిన నాడు ఏడవలేదు, ఆ పొద్దు ఏడ్చింది.

జొహరాబీ నమాజు ముగించుకుని, గోడ పట్టుకుంటూ అంతదూరం నడిచొచ్చింది. "పావని అక్కా. పావని. ఊడిన పన్ను పిల్ల పావని." ఆ తర్వాత రోజూ వచ్చి, ఈరమ్మ ఆగినచోట పేరు అందించి పోయేది. గంగి పేరు కూడా మరిచేది కాదు.

అక్కడ ఆదోనిలో ఉమాదేవికి ఆ ముసలామె ముట్టుకోని ఓళిగ గుర్తొస్తానే ఉండింది. మతి లేనిదైతే మామగారికి అంత పద్ధతిగా దీవెన ఎట్లా చెప్పింది? సుగ్గి, ఉగాది అని అన్నీ పొందికగా ఎట్లా చెప్పింది? ఒక శనివారం ఒక్కపొద్దు ఉండి, వెంకటేశ్వరస్వామి గుడి నుంచి అట్లే ఆటో ఎక్కి, ఎవరికీ చెప్పకుండా ఒక్కతే ఆశ్రమానికి వచ్చింది. సుధాకర్ ఎమ్మిగనూరు పోయినాడు. మహాదేవి గేటు తీసి, ఒక్క క్షణం ఆలోచించి, "అడ్డం కట్టిన చీర వెనక్కి పోండమ్మా" అని మాత్రం అని పక్కకు తొలిగింది.

ఉమాదేవి చీర తొలగించి, నిలబడినచోటే నిలబడిపోయింది. తర్వాత వంగి ముడులు విప్పింది. మణికట్టు చుట్టూ చర్మం ఒలిచినట్టుంది. కట్టుకున్న చీరకు తడి అంటుతుందని కూడా చూడకుండా మంచం మీద కూర్చుంది. జొహరాబీ గోడ పట్టుకుంటూ వచ్చి, బండ సంగతి, మజ్జిగ సంగతి, ఫోను సంగతి అంతా చెప్పింది.

"ఇప్పుడే పోతాను సబ్ కలెక్టర్ ఆఫీసుకు" అనింది ఉమాదేవి. "శనివారమైనా సరే, వాళ్ళింటికైనా పోతాను. మీకు నోరు లేదనుకున్నారా వీళ్ళు?"

"పోండి మేడం" అన్నాడు సుధాకర్. ఎప్పుడొచ్చినాడో, వాకిట్లో నిలబడినాడు. మాట మెత్తగానే ఉంది. "వాళ్ళు వస్తే నాకు నాలుగు చీవాట్లు పెడతారు. కానీ తల్లిని వదిలేసి పోయినోనికి జైలని చట్టముంది, తెలుసా? ఈమె ఎవరో తెలీదని ఈమె కొడుకు నా గేటు కాడ చెప్పినాడు. ఆటోవాడు విన్నాడు, వాచ్‌మన్ విన్నాడు. ముందు పట్టుకునేది వాణ్ణే. మీరే ఆలోచించుకోండి." జేబులో ఫోను మోగింది. మాట్లాడుకుంటూ బయటికి పోయినాడు.

ఆశ్రమం మీద ఉమాదేవి కోపమంతా ఆ ఒక్క మాట కాడ ఆగిపోయింది. కొంగు నలుపుకుంటూ ఈరమ్మ మొహంలోకి చూసింది. "నిజమేనా అవ్వా? అట్లా అన్నాడా?"

ఈరమ్మకు మగత ఇంకా వదల్లేదు, ఒక్కో మాటా లోతులోంచి తోడుకోవాల్సి వస్తాంది. బయట పెరట్లో పైపు నీళ్ళ చప్పుడు వినపడింది. బండ మీద ఎవరో ముసలామె "సల్లగుందమ్మా, సల్లగుంది" అని మూలుగుతాంది. ఈరమ్మ ఆ దిక్కు చూసింది. తర్వాత, "చెల్లీ, కొంగు తలమీదికి లాగు" అనింది. జొహరాబీ లాగి సర్దింది.

"పో తల్లీ. ఆఫీసోళ్ళను పిలుచుకరా" అనింది ఈరమ్మ. "ఈ చేతులు చూపిస్తా. వీపు చూపిస్తా. ఆ బండ కాడికి మోసుకపోతే అదీ చూపిస్తా. నేను నోరు మూసుకుంటే వీళ్ళంతా ఆ బండ మీదే సస్తారు. నాకు ఒక్క మేలు సెయ్యి."

"చెప్పవ్వా."

"గేటు కాడ మాట నా కొడుకు సొంతంగా అనలేదని సెప్పు. నేనే నేర్పిచ్చినానని సెప్పు. నాకెవరూ లేరని సెప్పి నన్ను ఈడ దింపిపో, ల్యాకుంటే నా మీద ఒట్టని నేనే వానితో అనిపించినానని."

జొహరాబీ చేత్తో నోరు మూసుకుంది. ఆ నాలుగు మాటలు అనలేకనే ఈ మనిషి ఇన్నాళ్ళు ఈ మంచానికి కట్టించుకుని పడుండింది.

"నువ్వట్లా అనలేదు కదా అవ్వా" అనింది ఉమాదేవి మెల్లగా. "ఒక్కపొద్దు నాడు నాతో అబద్ధం చెప్పిస్తావా?"

"నేను సెప్తే పిచ్చిదంటారు తల్లీ. నువ్వు సెప్తే నమ్ముతారు. ఆ పాపమేదో నా మీద రాసుకోమని సామికి నేను సెప్పుకుంటా. నువ్వు మాత్రం అట్లే సెప్పమ్మా."